రేడియోధార్మిక పరికరం చోరీ అయితే వార్తలో ఏముండాలి

సంపాదకులకు నమస్కారం.

పరిశ్రమల్లో వాడే రేడియోధార్మిక పరికరం ఎక్కడైనా చోరీ అయినప్పుడు వచ్చే వార్తలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ‘అణు పరికరం మాయం’ అనో, ‘కోట్ల విలువైన యంత్రం కోసం గాలింపు’ అనో శీర్షిక, పక్కన ఏ సంబంధమూ లేని అణు విద్యుత్ కేంద్రం ఫొటో. పోయిన వస్తువు ఎలా ఉంటుందో, ఎంత బరువుంటుందో, ఎదురుపడితే ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా కనిపించదు. ఇలాంటి పరికరాలతో పనిచేసేవాళ్లం, వాటి భద్రత చూసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పోయిన పరికరం క్షేమంగా దొరకడం చాలావరకు ఆ వార్త ఎలా రాశారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎందుకో లెక్కలతో సహా చెబుతాం.

ఎక్కువగా పోయేవి రెండు రకాలు. మొదటిది డెన్సిటీ గేజ్. రోడ్ల పనుల్లో, కట్టల పనుల్లో రోలర్ తొక్కిన మట్టి ఎంత గట్టిపడింది, అందులో తేమ ఎంత ఉంది అని చూసే పరికరం. పలకలాంటి అడుగు, దాని మీద నిలువుగా లేచే కడ్డీ, కడ్డీకి పిడి, పిడి దగ్గర తాళం. గేజ్ ఒక్కటే 13, 14 కిలోలుంటుంది. పసుపుపచ్చ పెట్టెతో కలిపితే 40 కిలోల దాకా తూగుతుంది. లోపలి రేడియోధార్మిక పదార్థాన్ని పనిలో అందరూ ‘సోర్స్’ అనే అంటారు. కడ్డీ కొసన సీజియం-137 సోర్స్ ఉంటుంది, మామూలుగా 0.3 గిగాబెకరెల్ (బెకరెల్ రేడియోధార్మికతకు కొలత; టెరాబెకరెల్ అంటే వెయ్యి గిగాబెకరెల్‌లు). అడుగు భాగంలో కదలకుండా బిగించిన అమెరీషియం-బెరీలియం సోర్స్ ఇంకొకటి, 1.5 గిగాబెకరెల్‌కు కాస్త అటూ ఇటూ. సీజియం సగానికి తగ్గడానికి 30 ఏళ్లు, అమెరీషియానికి 432 ఏళ్లు పడుతుంది. కాబట్టి ‘పాత యంత్రం, ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది’ అనే మాట వీటికి వర్తించదు.

రెండోది రేడియోగ్రఫీ కెమెరా. పైపులైన్లు, బాయిలర్లు, పీడన ట్యాంకుల వెల్డింగ్ లోపల పగులు ఉందో లేదో గామా కిరణాలతో ఫిల్మ్ తీసే పరికరం. పేరు కెమెరా అయినా అందులో కటకం ఉండదు. పిడి ఉన్న చిన్న ఇనుప పెట్టెలా ఉంటుంది. ఒంటి చేత్తో ఎత్తబోతే ఆశ్చర్యపోయేంత బరువు, 20 నుంచి 25 కిలోలు. ఆ బరువులో ఎక్కువ భాగం, రేడియేషన్‌ను అడ్డుకునే డిప్లీటెడ్ యురేనియం (ఇంధనం తయారీలో మిగిలిపోయే బరువైన యురేనియం) కవచానిది. ఆ కవచం మధ్యలో, పిగ్‌టెయిల్ అని పిలిచే పొట్టి ఉక్కు తీగ కొసన, ఇరీడియం-192 గుళిక కూర్చుని ఉంటుంది. కొత్తదైతే 3.7 టెరాబెకరెల్, పాత లెక్కలో 100 క్యూరీలు. ఇది సగానికి తగ్గడానికి 74 రోజులు చాలు. అందుకే సోర్స్ ఏ తేదీన నింపారో తెలియకుండా ఈ కెమెరా ప్రమాదం ఎంతో చెప్పలేం.

ఈ రెండింటినీ వార్తల్లో ఒకే గాటన కట్టేస్తున్నారు. తేడా చూడండి. డెన్సిటీ గేజ్‌లోని సీజియం సోర్స్ కవచం లేకుండా బయటపడితే మీటరు దూరంలో గంటకు సుమారు 24 మైక్రోసీవర్టులు (సీవర్టు ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకు కొలత; మిల్లీసీవర్టు అంటే వెయ్యి మైక్రోసీవర్టులు). కొత్త ఇరీడియం బయటపడితే అదే మీటరు దూరంలో గంటకు సుమారు 480 మిల్లీసీవర్టులు, అంటే ఇరవై వేల రెట్లు. రేడియేషన్ పని చేసేవాళ్లకు సగటున ఏడాదికి అనుమతించేది 20 మిల్లీసీవర్టులు. ఇక్కడ అది రెండున్నర నిమిషాల్లో అందుతుంది. అదే గుళికను వేళ్లతో పట్టుకుంటే నిమిషం లోపే కణజాలం చచ్చిపోయేంత మోతాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సోర్సులను ఐదు వర్గాలుగా విడదీసింది, ఒకటో వర్గం అన్నిటికంటే ప్రమాదకరం. కొత్త సోర్స్ ఉన్న రేడియోగ్రఫీ కెమెరా రెండో వర్గంలో, డెన్సిటీ గేజ్ నాలుగో వర్గంలో ఉంటాయి. విలేకరి అధికారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: సోర్స్ ఏమిటి, ఎంత, ఏ వర్గం? ‘దర్యాప్తు దృష్ట్యా చెప్పలేం’ అంటే పట్టుబట్టండి. ఈ వివరం దాచితే దొంగకు పోయేదేమీ లేదు, నష్టపోయేది జనమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. చాలామంది అనుకునేదేమంటే, రేడియేషన్‌ను పసిగట్టే పరికరాలు ఉన్నాయి కదా, కారులోనో హెలికాప్టర్‌లోనో పెట్టి తిప్పితే దొరుకుతుంది కదా అని. దొరికేది సోర్స్ బయటపడ్డప్పుడే. పెట్టెలో కవచం చెక్కుచెదరకుండా ఉంటే దాదాపు దొరకదు. డెన్సిటీ గేజ్ పెట్టె మీది చీటీలో ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అనే అంకె ఉంటుంది. అది 0.6 అనుకుందాం. పెట్టెకు మీటరు దూరంలో గంటకు 6 మైక్రోసీవర్టులకు మించదని దాని అర్థం. దూరం పదింతలైతే మోతాదు వందో వంతుకు పడిపోతుంది, అంటే పది మీటర్లలో 0.06. నేల నుంచి, ఆకాశం నుంచి సహజంగా వచ్చేదే గంటకు 0.1 మైక్రోసీవర్టు దాకా ఉంటుంది. పది మీటర్ల అవతలే ఆ పెట్టె సహజ రేడియేషన్‌లో కలిసిపోతుందన్నమాట. మధ్యలో రెండు గోడలో, వాహనం డిక్కీయో ఉంటే ఇంకా తక్కువ. దీనికి భిన్నంగా, బయటపడ్డ ఇరీడియం అడ్డేమీ లేని చోట వంద మీటర్ల దూరంలో కూడా పదుల మైక్రోసీవర్టులు చూపిస్తుంది.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగింది చోరీ కాదు, జారిపోవడం. గని నుంచి పెర్త్‌కు లారీలో తరలించిన గేజ్‌కు ప్రయాణం కుదుపులకు మరలు ఊడి, 6 మిల్లీమీటర్ల వ్యాసం, 8 మిల్లీమీటర్ల ఎత్తున్న సీజియం గుళిక దారిలో రాలిపోయింది. 1,400 కిలోమీటర్ల దారిలో అంత చిన్న గుళికను ఫిబ్రవరి 1న పట్టుకోగలిగారు. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనంలోని పరికరమే దాన్ని రోడ్డు అంచుకు రెండు మీటర్ల అవతల పసిగట్టింది. అది 19 గిగాబెకరెల్ సోర్స్, పైగా కవచం లేకుండా పడి ఉంది, అందుకే దొరికింది. అదే గుళిక మూసిన పెట్టెలో ఏ షెడ్డులోనో ఉండి ఉంటే ఆ వాహనం పక్కనుంచే వెళ్లిపోయేది.

అంటే చోరీ జరిగాక, పరికరం ఎవరికీ హాని చేయకుండా పెట్టెలో భద్రంగా ఉన్న ఆ మొదటి గంటల్లోనే రేడియేషన్ కొలిచే మీటర్లకు అది కనపడదు. అప్పుడు దాన్ని కనిపెట్టగలిగేది మనుషులే: పక్కింటివాళ్లు, పాత ఇనుము కొనేవాళ్లు, వాహనం పార్కింగ్ చూసేవాళ్లు, ఒక్కోసారి ఏం తెచ్చాడో తెలియని దొంగే. మీటర్లు మోగే సమయానికి ఎవరో ఒకరు దాన్ని విప్పేసి ఉంటారు. పత్రికను మేం ఇంతగా అడుగుతున్నది ఈ కారణానికే.

దొంగకు కావలసింది సోర్స్ కాదు. చాలాసార్లు వాడికి కావలసింది వాహనం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు దేశాలు తెలిపిన రేడియోధార్మిక పదార్థాల చోరీల్లో సగానికి పైగా రవాణాలో జరిగినవే. 2013 డిసెంబర్ 2 తెల్లవారుజామున మెక్సికోలో, దారిలో ఆగిన లారీని ఎత్తుకుపోయారు. అందులో ఆసుపత్రి క్యాన్సర్ చికిత్స యంత్రం తాలూకు కోబాల్ట్-60 సోర్స్, దాదాపు 3,000 క్యూరీలు, ఉంది. రెండు రోజుల తర్వాత అది కవచం లోంచి బయటికి తీసిన స్థితిలో పొలంలో కనిపించింది. లారీ మీద ఆశపడ్డవాళ్లు సరుకు ఏమిటో చూద్దామని విప్పి ఉంటారన్నది తేలిగ్గానే ఊహించవచ్చు. ఇలాంటప్పుడు ‘కోట్ల విలువైన పరికరం’ అనే శీర్షిక చాలా కీడు చేస్తుంది. విసుగుపుట్టి కాలువ గట్టున వదిలేయబోయినవాడు కూడా అది చదివి, లోపల ఏదో విలువైనది ఉందని సుత్తి, కటింగ్ మెషీన్ తీస్తాడు. దయచేసి విలువ రాయకండి. రాయాల్సి వస్తే నిజం రాయండి: ఆ పరికరాన్ని లైసెన్సు లేనివాళ్లు కొనరు, అమ్మలేరు, ప్రతిదానికీ వరుస సంఖ్య ఉంటుంది.

వార్తలో ఉండాల్సింది ఇంతే. ‘ఫలానా రోజు ఫలానా సమయాల మధ్య, ఫలానా దారిలో, ఫలానా వాహనం నుంచి పసుపుపచ్చ పెట్టె పోయింది. పెద్ద సూట్‌కేసంత ఉంటుంది, ఇద్దరు పట్టాల్సినంత బరువు. మీద మూడు రెక్కల గుర్తు, అడుగు మూలలో 7 అంకె ఉన్న డైమండ్ ఆకారపు చీటీ ఉంటాయి. పెట్టె మూసి ఉన్నంతవరకు పక్కనుంచి వెళ్లేవాళ్లకు ప్రమాదం లేదు. తెరవొద్దు, కోయొద్దు, నీళ్లలో పడేయొద్దు. కనిపిస్తే 30 మీటర్లు దూరం జరిగి, ఇతరులను రానివ్వకుండా చూసి, పోలీసులకు చెప్పండి. ఇప్పటికే ముట్టుకున్నవాళ్లు ఉంటే ముందుకు రండి, చికిత్స ఉంది.’ దీని పక్కన రెండు ఫొటోలు వేయాలి: పెట్టె ఒకటి, పెట్టెలోంచి తీసిన పరికరం ఒకటి. దొంగ మొదట పారేసేది పెట్టెనూ చీటీలనే కాబట్టి ఒక్క పెట్టె ఫొటో చాలదు. కెమెరా పోయినట్టయితే మూడో ఫొటో కూడా కావాలి, పిగ్‌టెయిల్‌ది. చేతికి ఎక్కువగా చిక్కేది, ఎవరూ అనుమానించనిది అదే. 2007లో తెచ్చిన ఎర్ర త్రికోణపు గుర్తు, కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మలున్నది, ప్రమాదకరమైన సోర్సులకు దగ్గరగా పరికరం లోపలి భాగంలో ఉంటుంది. విప్పుతున్న మనిషి అక్షరం రాకపోయినా ఆగాలన్నది దాని ఉద్దేశం. ఆ బొమ్మను కూడా పాఠకులకు చూపించండి.

పిగ్‌టెయిల్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయింది ఎక్కువగా అక్కడే. 1984లో మొరాకోలో కెమెరా గొట్టంలోంచి జారిపడ్డ ఇరీడియం సోర్స్‌ను ఒక దారినపోయే మనిషి ఇంటికి తీసుకెళ్లాడు. ఎనిమిది మంది చనిపోయారు. 1999లో పెరూలో ఒక వెల్డర్ అలాంటిదాన్నే ప్యాంటు జేబులో వేసుకుని కాలు పోగొట్టుకున్నాడు. 2000లో ఈజిప్టులో ఇంటికి చేరిన ఇరీడియం తండ్రినీ కొడుకునూ బలి తీసుకుంది. వీళ్లలో ఎవరూ దొంగలు కారు. మెరుస్తున్న ఉక్కు ముక్క కనిపించింది, దాచుకున్నారు. అది వేడిగా తగలదు, వాసన రాదు, శబ్దం చేయదు. మొదట కనిపించేది కొన్ని గంటల్లో వాంతులు. చర్మం ఎర్రబడి పొక్కులు రావడానికి రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. వేడి తగిలిన గుర్తే లేని కాలినపుండు, అదీ అరచేతిలోనో తొడ మీదో, పరికరం పోయిన ప్రాంతంలో కనిపిస్తే డాక్టర్లు వెంటనే అనుమానించాలి. వాంతులు ఎన్ని గంటలకు మొదలయ్యాయన్నది కూడా రాసుకోవాలి, మోతాదు అంచనాకు అది పనికొస్తుంది. చోరీ వార్తలో ఆసుపత్రుల కోసం ఈ రెండు వాక్యాలూ ఉంటే ఎంతో మేలు.

ఇక్కడే ఒక భయాన్ని కూడా తీసేయాలి. సీలు చెదరని సోర్స్ దగ్గర ఉన్న మనిషి నుంచి ఇంకొకరికి ఏమీ అంటదు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఒంట్లోంచి ఎక్స్‌రేలు రానట్టే ఇదీ. గుళిక పగిలి పొడి రాలితే సంగతి వేరు. 1987 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌లోని గోయానియాలో, వదిలేసిన చికిత్స యంత్రంలోని సీజియం క్లోరైడ్ పొడి ఇంటింటికీ పాకి నలుగురు చనిపోయారు, 1,12,000 మందిని పరీక్షించాల్సి వచ్చింది. యంత్రాన్ని ఊడదీసుకుపోయింది 13న, అది రేడియేషన్ అని తేలింది 29న. రెండు సందర్భాలకూ ‘లీక్’ అనే ఒకే మాట వాడటం వల్ల అనవసరమైన చోట పరుగులు, అవసరమైన చోట అలసత్వం వస్తున్నాయి.

తుక్కు దారి గురించి. సీసం, టంగ్‌స్టన్, యురేనియం కవచాలు చిన్న సైజులో పెద్ద బరువు తూగుతాయి, అందుకే అవి పాత ఇనుము తూకం మీదికి చేరతాయి. సైజుకు మించిన బరువు ఉన్న ఏ మూసిన ఇనుప ముద్దనైనా కోయకుండా పక్కన పెట్టడమే పాత ఇనుము కొనేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం. కొలిమిలో పడితే ఒక్కో మూలకం ఒక్కో దారి పడుతుంది: కోబాల్ట్, ఇరీడియం ఉక్కులోనే ఉండిపోతాయి, సీజియం ఆవిరై పొగ గొట్టం దుమ్ములో చేరుతుంది, అమెరీషియం చిట్టెంలోకి పోతుంది. 1983 చివర్లో మెక్సికోలోని హువారెస్‌లో తుక్కులో కలిసిన కోబాల్ట్ కట్టడాల కడ్డీలుగా మారింది. 1984 జనవరిలో ఆ కడ్డీల లారీ అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల గేటు దగ్గర దారి తప్పి వచ్చి అలారం మోగించేదాకా ఎవరికీ తెలియదు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్ పరికరాన్ని విప్పినప్పుడు ఒకరు చనిపోయారు. 2023 మార్చిలో థాయ్‌లాండ్‌లో విద్యుత్ కేంద్రం నుంచి మాయమైన 25 కిలోల సీజియం గొట్టం కోసం వెతుకుతుండగా, ఒక ఉక్కు కర్మాగారపు కొలిమి దుమ్ములో సీజియం బయటపడింది.

పెద్ద కర్మాగారాల గేట్ల దగ్గర పోర్టల్ మానిటర్లు, అంటే దాటే లారీలో రేడియేషన్ ఉంటే మోగే యంత్రాలు, ఉంటాయి. అవి మోగగానే లారీని వెనక్కి పంపేయడం మామూలైపోయింది. ఇంతకు మించిన తప్పు లేదు. అది నేరుగా మానిటర్ లేని ఇంకో గేటుకు వెళుతుంది. మోగిన లారీని జనం తిరగని చోట నిలిపి, డ్రైవర్‌ను దింపి, రేడియేషన్ భద్రతను చూసే ప్రభుత్వ నియంత్రణ సంస్థకు చెప్పాలి. చెప్పినవాళ్లను నేరస్తుల్లా చూడకూడదు.

దొరికిన తర్వాత చేయాల్సిన పనులకూ క్రమం ఉంది. ఆరుబయట అనుమానం ఉంటే 30 మీటర్ల చుట్టు గీత. భవనంలో అయితే ఆ గది, పక్క గదులు, పై అంతస్తు, కింది అంతస్తు ఖాళీ చేయాలి. మీటరును దూరంలోనే ఆన్ చేసి, బ్యాటరీ చూసి, అంకె ఎలా పెరుగుతోందో చూసుకుంటూ దగ్గరికి నడవాలి. జీఎం గొట్టం (రేడియేషన్‌ను పసిగట్టే గైగర్-ముల్లర్ గొట్టం) ఉన్న కొన్ని పాత మీటర్లు మరీ ఎక్కువ రేడియేషన్‌లో సున్నాకు పడిపోతాయి. దగ్గరికెళ్లి ఆన్ చేసినవాడు సున్నా చూసి ధైర్యంగా చేయి పెడతాడు. గోయానియాలో మొదట మీటరు తెచ్చిన భౌతిక శాస్త్రవేత్త, ఎటు తిప్పినా ముల్లు చివరికి కొట్టుకోవడంతో మీటరే చెడిపోయిందనుకుని ఇంకొకటి తెచ్చుకున్నాడు. అనుమానం ఉంటే ఆయనలా రెండో మీటరు తెచ్చుకోవాలే తప్ప ముందుకు పోకూడదు.

తర్వాత పెట్టెకు ఒక మీటరు దూరంలో కొలిచి, చీటీ మీది ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్‌తో పోల్చాలి. సరిపోతే కవచం బాగుందన్నమాట. ఎక్కువైతే సోర్స్ చోటు తప్పింది. గేజ్ కడ్డీ అడుగున మూసుకోవాల్సిన టంగ్‌స్టన్ తలుపు మట్టి పట్టి ఇరుక్కున్నా ఇలాగే చూపిస్తుంది. మరీ తక్కువైతే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు భయపడాల్సింది అప్పుడే, సోర్స్ లోపల లేదేమో! రేడియోగ్రఫీ కెమెరాతో ఇంకో చిక్కుంది. డిప్లీటెడ్ యురేనియం కవచం తనంతట తానే కొద్దిగా రేడియేషన్ ఇస్తుంది కాబట్టి ఖాళీ కెమెరా కూడా మీటరులో కాస్త చూపిస్తుంది. ‘ఏదో చూపిస్తోంది, లోపలే ఉంది’ అని సంతకం పెట్టేయకూడదు; సోర్స్ ఆ రోజుకు ఎంత ఉండాలో లెక్కగట్టి పోల్చాలి. వరుస సంఖ్యలు చూసి, తుడుపు పరీక్ష (పైభాగాన్ని తుడిచి, రేడియోధార్మిక పదార్థం బయటికి వచ్చిందేమో చూడటం) చేసి, తుడిచిన ముక్కలో 185 బెకరెల్‌లకు మించి లేదని తేలాకే కదిలించాలి. బయటపడ్డ సోర్స్‌ను శిక్షణ పొందినవాళ్లు పొడవాటి పట్టకార్లతో, సీసం సంచుల అడ్డుతో ఎత్తాలి. ఆ పని పోలీసులది కాదు, అగ్నిమాపక సిబ్బందిదీ కాదు.

యజమానుల తప్పు గురించి మెత్తగా చెప్పలేం. పరికరం లెక్కకు రాకపోతే ‘ఇంకో సైట్‌లో ఉంటుందిలే’ అని రోజులు గడపడం, లైసెన్సు పోతుందన్న భయంతో లోలోపల వెతుక్కోవడం ఈ రంగంలో ఉన్న జబ్బు. పైన చెప్పిన మొదటి గంటలు ఇలాగే కరిగిపోతాయి. గేజ్‌ను రాత్రంతా వాహనంలో వదలకూడదు. వదలక తప్పని వేళల్లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు తాళాలుండాలి, తాళం చెవులు ఆ పెట్టెలోనే ఉండకూడదు. బయటికి తీసిన సమయం, లోపల పెట్టిన సమయం రిజిస్టర్‌లో పడాలి. పెట్టె ఫొటో, విడి పరికరం ఫొటో, వరుస సంఖ్య, సోర్స్ నింపిన తేదీ ఒక కాగితం మీద ముందే సిద్ధంగా ఉంటే, చోరీ తెలిసిన గంటలోపు పోలీసులకూ మీకూ అందుతాయి. యజమాని ఎప్పుడు గమనించాడు, ఎప్పుడు ఫిర్యాదు చేశాడు అన్న రెండు తేదీలనూ వార్తలో పక్కపక్కన వేయండి. ఆ ఒక్క ఆనవాయితీ మొదలైతే ఆలస్యాలు తగ్గుతాయి.

చివరగా ఒక విన్నపం. పరికరం దొరికినప్పుడు ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించకండి. చోరీ వార్త వేసిన చోటే, అంతే సైజులో వేయండి. దొరికినప్పుడు పెట్టె మూసి ఉందా, సోర్స్ లోపలే ఉందని కొలిచి చూశారా, తుడుపు పరీక్ష ఫలితం ఏమిటి, ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగి రాయండి. ‘పెట్టె దొరికింది’ అన్నంత మాత్రాన సోర్స్ దొరికినట్టు కాదు. ఆ జవాబులు వచ్చేదాకా ముందు రోజు వేసిన హెచ్చరికను పేజీ మీద అలాగే ఉంచండి.

ఇట్లు,
పారిశ్రామిక రేడియేషన్ భద్రత పనిలో ఉన్న కొందరు పాఠకులు